పాత కంప్యూటరు స్థానమున క్రొత్తది: కొనుటకు ముందు రైతు విచారింపవలసిన విషయములు



మన గ్రామములలో పిల్లల చదువు కొఱకు కొందఱును, 2020వ సంవత్సరమున పాఠశాలలు మూతపడి పాఠములు ఇంటికే వచ్చినపుడు మఱికొందఱును కంప్యూటర్లను కొనిరి. ఆ యంత్రములలో పెక్కింటికి ఇపుడు వయస్సు మీఱినది. మీట నొక్కిన పిమ్మట పొయ్యిమీద అన్నము ఉడుకునంత సేపటికి గాని తెర వెలుగుట లేదనియు, బ్యాంకు పుట తెఱచుకొనునప్పటికి గడువు తీఱి మరల మొదటికి వచ్చుచున్నదనియు సభ్యులు చెప్పుచున్నారు. వారందఱును అడుగునది ఒకటే ప్రశ్న: "ఏ కంప్యూటరు కొనుమందురు?"

ఒక కంపెనీ పేరు చెప్పి ఊరకుండుట సులభమే. కాని "ఏ యెద్దును కొనుమందురు?" అని అడిగినవానికి మనము వెంటనే బదులు చెప్పుదుమా? నీకెన్ని యెకరములు? నల్లరేగడియా, చల్కనేలయా? బండికా, అరకకా? అని మొదట విచారింతుము. కంప్యూటరు విషయమునను ఇదియే క్రమము. యంత్రమును ఎన్నుకొనుటకు ముందు పనిని తేల్చుకొనవలెను. చిన్న కమతముగల కుటుంబమునకు ఇది చిన్న వ్యయము కాదు. పైగా పంట అప్పు లెక్క, పట్టా నకలు, బ్యాంకు రహస్యసంఖ్య మున్నగునవి యన్నియు దీని ద్వారముననే నడచును. తొందరపడి కొన్నచో డబ్బు నష్టము. కొనక, రక్షణ లేని పాతదానినే వాడుచుండినచో బ్యాంకులోని డబ్బునకే ముప్పు. ఈ రెంటికిని నడుమనున్న మార్గమును చూపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. మొదట పని పట్టిక వ్రాయుడు

ఒక కాగితము తీసికొని, గడచిన మాసములో మీ యింట కంప్యూటరుతో చేసిన పనులన్నియు వ్రాయుడు. సామాన్యముగా ఆ పట్టిక ఇట్లుండును: ఆంధ్రప్రదేశములో 'మీభూమి'యందును, తెలంగాణములో 'భూభారతి'యందును భూమి వివరములు చూచుట, బ్యాంకు ఖాతా చూచుట, పి.ఎం. కిసాన్ సొమ్ము పడినదో లేదో తెలిసికొనుట, 2016వ సంవత్సరమున ప్రారంభమైన ఇ-నామ్ ద్వారా మార్కెట్టు ధరలు పరిశీలించుట, అర్జీలు వ్రాసి అచ్చు తీయుట, ఖర్చుల లెక్క, పిల్లల దరఖాస్తులు, పాఠములు, దూరదేశముననున్న బిడ్డతో ముఖాముఖి మాటలాడుట.

ఈ పనులలో ఏదియు బరువైనది కాదు. నేడు విపణిలో దొరకు సామాన్యమైన క్రొత్త యంత్రము ఏదైనను వీనిని చక్కగా నెఱవేర్చును. బరువైన పనులు వేఱు. చలనచిత్రములను కూర్చుట, పెద్ద ఆటలు, ఇంజనీరింగు నమూనాల చిత్రణము అట్టివి. మీ పట్టికలో అవి లేనపుడు వాని కొఱకై చేసిన యంత్రమును కొనుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రమును వేయుట వంటిది. ఇంటిలో ఇంజనీరింగు చదువు విద్యార్థి యున్నచో, ఆ కళాశాలవారు ఏమి కావలెనని చెప్పుదురో అడిగి, అతని యంత్రమును వేఱుగా ఆలోచింపుడు.

పట్టికలో రెండు మూడు పనులే యుండి, అవియు ధర చూచుట, సొమ్ము పంపుట వంటివే యైనచో, చేతిలోని ఫోనే చాలును. చాల వ్రాత, పెద్ద పట్టికలు, అచ్చు పని యున్నప్పుడే కంప్యూటరు అవసరము.

2. పాతదానిని పారవేయుటకు ముందు పరీక్షింపుడు

యంత్రము మందగించినదనగానే అది చచ్చినదని భావింపరాదు. మందగించుటకు గల కారణములు కొన్ని చాల చిన్నవి.

యంత్రమును తెఱచి కొంచెము సేపు వాడుచు, కీబోర్డుపై కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒకేసారి నొక్కుడు. 'టాస్క్ మేనేజర్' అను పట్టిక వచ్చును. అందు 'డిస్క్' అను చోట ఎల్లప్పుడును నూటికి నూఱు చూపుచున్నచో లోపము హార్డ్ డిస్కునందున్నదని ఊహింపవచ్చును. 'మెమరీ' అను చోట ఎల్లప్పుడును 90కి పైగా చూపుచున్నచో ర్యామ్ చాలుట లేదని గ్రహింపవచ్చును.

పాత హార్డ్ డిస్కులో నిమిషమునకు 5,400 లేక 7,200 మారులు తిరుగు పళ్ళెములుండును. వానిపై ఒక ముల్లు అటునిటు కదలుచు వెదకవలెను. ఎస్.ఎస్.డి. యనుదానిలో తిరుగునది యేదియు లేదు. వెదకుట క్షణములో జరుగును. హార్డ్ డిస్కు తీసి 256 జి.బి. ఎస్.ఎస్.డి. వేయించి, ర్యామును 4 జి.బి. నుండి 8 జి.బి.కి పెంచినచో, ఆఱేడేండ్ల యంత్రము సైతము మరల పనిలోనికి వచ్చును. అయితే 2025వ సంవత్సరము చివరి నుండి ర్యాము ధరలు విశేషముగా పెరిగినవి. ఎస్.ఎస్.డి. ధరలు కూడ దానితో పాటు హెచ్చినవి. కావున ఖర్చు ముందుగా అడిగి, క్రొత్తదాని వెలతో పోల్చి చూడవలెను.

మఱియొక చిన్న లోపము గలదు. యంత్రమును తెఱచినప్పుడెల్ల గడియారము ఏనాటిదో పాత తేదీని చూపును. బ్యాంకు పుటలు 'సురక్షితము కాదు' అని తిరస్కరించును. దీనిని చూచి యంత్రము చెడినదని తలచి పాతసామానులవానికి తూచి ఇచ్చుటకు సిద్ధపడిన యింటివారిని నేనెఱుగుదును. డెస్క్‌టాపులలో తఱచు ఈ లోపమునకు కారణము లోపలనుండు సి.ఆర్. 2032 అను బిళ్ళ బ్యాటరీ అయిపోవుటయే. గడియారముల దుకాణములో సైతము దొరకు ఆ బిళ్ళను మార్చి, తేదీని సరిచేసినచో పని తీఱును. లోపలి దుమ్మును తీయించి, పంకా తిరుగుచున్నదా యని చూచుటయు ఈ సందర్భముననే చేయవలెను.

3. విండోస్ 10 గలవారు గమనింపవలసినది

మన యిండ్లలోని పాత యంత్రములలో పెక్కింటియందు విండోస్ 10 ఉన్నది. 2015వ సంవత్సరమున వెలువడిన ఈ ప్రతికి మైక్రోసాఫ్ట్ కంపెనీవారు 2025 అక్టోబరు 14వ తేదీతో సామాన్య సంరక్షణమును చాలించిరి. దీని యర్థము యంత్రము ఆగిపోవునని కాదు. చెఱువు కట్ట నేడును నిలిచియే యుండును. కాని గండి పడినచో పూడ్చువాడుండడు. క్రొత్తగా కనిపెట్టబడిన దొంగదారులను మూయు మరమ్మతులు ఇక దానికి రావు. గృహములవారు ప్రత్యేకముగా నమోదు చేసికొన్నచో 2026 అక్టోబరు 13 వఱకు ముఖ్యమైన భద్రతా మరమ్మతులు అందునని ఆ కంపెనీవారు ప్రకటించిరి. అది ఆలోచించుకొనుటకు దొరకిన గడువే గాని శాశ్వతోపాయము కాదు.

అట్టి యింట మూడు మార్గములు గలవు.

మొదటిది, అదే యంత్రముపై విండోస్ 11ను ఎక్కించుట. దీనికి 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. నిలువచోటు, టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనము, ఆమోదింపబడిన ప్రాసెసరు ఉండవలెనని నియమము. సామాన్యముగా ఇంటెల్ ఎనిమిదవ తరమునకు గాని, ఏ.ఎం.డి. రైజెన్ 2000 వరుసకు గాని తక్కువ కానివి అర్హములు. మైక్రోసాఫ్ట్ వారే ఉచితముగా నిచ్చు 'పి.సి. హెల్త్ చెక్' అను పరికరము మీ యంత్రము అర్హమో కాదో తెలుపును. అర్హమైనచో ఈ మార్పునకు వెల లేదు.

రెండవది, లినక్సు. ఉబుంటు, లినక్స్ మింట్ అనునవి ఉచితముగా దొరకును. ఉబుంటు దీర్ఘకాల ప్రతులకు 5 సంవత్సరముల భద్రతా మరమ్మతులు లభించును. వెబ్ పుటలు చూచుటకు, వ్రాతకు, లెక్కలకు ఇవి చాలును. తెలుగు కూడ చక్కగా వ్రాయవచ్చును. అయితే మీ ప్రింటరు, వ్రేలిముద్ర యంత్రము, డిజిటల్ సంతకపు పరికరము వీనితో పనిచేయునో లేదో ముందుగా పరీక్షింపవలెను. పెన్‌డ్రైవు నుండియే నడిపి చూచు సదుపాయము గలదు గనుక, పాతదానిని చెఱుపకయే ఈ పరీక్ష చేయవచ్చును.

మూడవది, క్రొత్త యంత్రమును కొనుట. పై రెండును కుదరనప్పుడు దీనికి వెనుదీయరాదు. రక్షణ లేని యంత్రముపై బ్యాంకు పని చేయుట కంచె లేని చేనిలో పంట నుంచుట వంటిది.

4. ఏ రకపు యంత్రము?

టవర్ డెస్క్‌టాప్: చోటు ఎక్కువ కావలెను, విద్యుత్తు ఎక్కువ త్రాగును. కాని ఏ భాగము చెడిన ఆ భాగమునే మార్చుకొనవచ్చును. పట్టణములోని సామాన్య మరమ్మతుదారునకును ఇది సుపరిచితము.

మినీ పి.సి.: అరచేతి కంటె కొంచెము పెద్దదిగా నుండును. మీ పాత మానిటరు, కీబోర్డు, మౌసు దీనికి తగిలించుకొనవచ్చును గనుక ఖర్చు తగ్గును. పాత మానిటరుకు నీలిరంగు కొసగల వి.జి.ఏ. తీగ మాత్రమే యున్నచో, హెచ్.డి.ఎం.ఐ. నుండి దానికి మార్చు చిన్న పరికరమును కొనవలసియుండును.

ఆల్ ఇన్ వన్: తెర, యంత్రము ఒకటిగా నుండును. చూపునకు ఇంపు. కాని తెర చెడినచో యంత్రము మొత్తము మూలపడును. గ్రామమున దీనిని నేను సిఫారసు చేయను.

ల్యాప్‌టాప్: కరెంటు పోయినను కొన్ని గంటలు నడచును. కళాశాలకు, బ్యాంకునకు తీసికొని పోవచ్చును. కాని క్రిందపడినచో, నీరు ఒలికినచో నష్టము హెచ్చు. కొన్ని నమూనాలలో ర్యాము లోపల అతికింపబడి యుండును. తరువాత పెంచుటకు వీలుండదు. కొనునపుడే ఈ మాట అడుగవలెను.

విద్యుత్తు లెక్క కూడ చూడుడు. పాత టవరు, మానిటరు కలిసి 120 వాట్లు తీసికొనునని అనుకొందము. దినమునకు 5 గంటలు నడిపినచో 0.6 యూనిట్, మాసమునకు 18 యూనిట్లు. మినీ పి.సి., మానిటరు కలిసి 40 వాట్లైనచో మాసమునకు 6 యూనిట్లు మాత్రమే. ఈ భేదము చిన్నదైనను ఏండ్ల తరబడి నిలుచును. చిన్న ఇన్వర్టరుపై నడపుకొనువారికి మఱింత ఉపయోగము.

మన గ్రామములలో వోల్టేజి హెచ్చుతగ్గులు ఎఱుగనివారు లేరు. డెస్క్‌టాపు గాని, మినీ పి.సి. గాని కొనువారు యు.పి.ఎస్. వెలను కూడ కలిపియే లెక్క వేయవలెను. ఉఱుములు మెఱుపులు గల దినములలో ప్లగ్గునే ఊడదీసి యుంచుట మేలు.

5. డబ్బు ఎచ్చట పెట్టవలెను?

దుకాణములో చీటీలపై చాల సంఖ్యలుండును. సామాన్య గృహమునకు ముఖ్యమైనవి నాలుగే.

నిలువచోటు: ఎస్.ఎస్.డి. తప్పక యుండవలెను. 256 జి.బి. చాలును, ఫొటోలు, వీడియోలు ఎక్కువగా దాచువారు 512 జి.బి. తీసికొనవచ్చును. 64 జి.బి. ఇ.ఎం.ఎం.సి. గల చౌక ల్యాప్‌టాపులను తీసికొనవలదు. విండోసు, దాని క్రొత్త మార్పులు కలిసి అందలి చోటును త్వరలోనే నింపివేయును.

ర్యామ్: 8 జి.బి.కి తగ్గరాదు. ధర అనుకూలించినచో 16 జి.బి. సుఖము.

ప్రాసెసరు: ఇచ్చటనే కొనువారు ఎక్కువగా మోసపోవుచున్నారు. 'ఐ7' అను పేరు వినగానే గొప్పదని తలచుట పొరపాటు. పేరు ప్రక్కనుండు సంఖ్యను చదువవలెను. ఐ7-3770 అనునది మూడవ తరమునకు చెందినది. 2012వ సంవత్సరమున వచ్చినది. విండోస్ 11కు అర్హము కాదు. ఐ3-12100 అనునది పండ్రెండవ తరమునకు చెందినది. 2022వ సంవత్సరమున వచ్చినది. చిన్న పేరుదైనను ఆ ఐ7 కంటె వేగముగా పనిచేయును. కొమ్ములకు రంగు వేసిన ముసలి యెద్దును చూచి మురియువాడు మనలో లేడు. ఇచ్చటను పండ్లు లెక్కింపవలెను. ఇటీవలి సంవత్సరముల ఐ3 గాని, రైజెన్ 3 గాని మన పట్టికకు చాలును. మినీ పి.సి.లలో తఱచు కనబడు ఇంటెల్ ఎన్100 కూడ తేలిక పనులకు సరిపోవును. 2023వ సంవత్సరము చివరి నుండి ఇంటెల్ వారు 'ఐ' అక్షరమును విడిచి 'కోర్ అల్ట్రా' మొదలగు క్రొత్త పేర్లను వాడుకలోనికి తెచ్చిరి. వానికి పై లెక్క వర్తింపదు. ఏ సంవత్సరమున వచ్చినదో అడిగి తెలిసికొనవలెను.

తెర: 1920×1080 చుక్కల తెర కోరుడు. పెద్దవారు చదువుకొను యిండ్లలో 15.6 అంగుళముల ల్యాప్‌టాపు గాని, విడి మానిటరు గాని కండ్లకు హాయి.

తెలుగు వ్రాతకు వేఱుగ డబ్బు పెట్టవలసిన పని లేదు. విండోసునందును, లినక్సునందును తెలుగు కీబోర్డు ఉచితముగనే యున్నది. అయితే ముద్రణాలయములవారు వాడు పాతకాలపు అక్షరముల పద్ధతిలో మీ పత్రములు వ్రాయబడి యున్నచో, అవి యూనికోడుగా మార్చనిదే క్రొత్త యంత్రముపై సరిగా కనబడవు.

6. వాడిన యంత్రమును కొనువారికి

కార్యాలయములు తీసివేసిన మంచి రకపు యంత్రములు బాగుచేయబడి తక్కువ వెలకు వచ్చుచున్నవి. వానిలో మేలైనవి కలవు. కాని కాడి కట్టి నాలుగు చాళ్ళు దున్నింపక ఎద్దును కొనరాదు గదా! అరగంట సేపు మీ చేతులతో నడిపి చూడుడు. ల్యాప్‌టాపైనచో ఛార్జరు ఊడదీసి బ్యాటరీ ఎంతసేపు నిలుచునో చూడుడు. మూత కీళ్ళు బిగువుగా నున్నవా? అన్ని మీటలు పడుచున్నవా? వైఫై అందుచున్నదా? పాత కార్యాలయము వారి తాళపు మాట ఏదైన లోపల మిగిలియున్నదా? విండోస్ 11కు అర్హమా? విండోస్ ప్రతి న్యాయమైనదా? దొంగప్రతి యున్న యంత్రము దొంగకు తాళపుచెవి ఇచ్చిన యిల్లు వంటిది.

వెలను ఎన్ని యేండ్లు నిలుచునో దానితో భాగించి చూడుడు. ఉదాహరణకు 18,000 రూపాయల వాడిన యంత్రము 3 సంవత్సరములు నిలిచినచో ఏడాదికి 6,000 పడును. 35,000 రూపాయల క్రొత్తది 7 సంవత్సరములు నిలిచినచో ఏడాదికి 5,000 మాత్రమే పడును. చౌక యనునది చెల్లించు నాటి వెలలో కాక, పనిచేసిన యేండ్లలో తేలును.

క్రొత్తదైనను, వాడినదైనను, జి.ఎస్.టి. బిల్లు తప్పక తీసికొనుడు. బిల్లుపై యంత్రము యొక్క క్రమసంఖ్య వ్రాయబడి యుండవలెను. వారంటీ ఎన్నాళ్ళు, మరమ్మతు ఏ పట్టణమున జరుగును అని అడుగుడు. ల్యాప్‌టాపుపైనను, దాని ఛార్జరుపైనను బి.ఐ.ఎస్. నమోదు గుర్తు ఉన్నదా యని చూడుడు.

7. పాతదాని నుండి క్రొత్తదానికి

క్రొత్తది వచ్చిన దినముననే పాతదానిని ఇచ్చివేయరాదు. పట్టా నకళ్ళు, రుణపత్రములు, సర్టిఫికెట్లు, ఫొటోలు రెండు చోట్ల నకలు తీసి యుంచుడు. అందొకటి ఇంటి వెలుపల, దగ్గరి బంధువు వద్దనో, నమ్మకమైన మేఘ నిల్వయందో యుండవలెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనము లేదు. ఒక మాసము రెంటిని ప్రక్కప్రక్కన నుంచుకొని, ఏదియు తప్పిపోలేదని రూఢి చేసికొనుడు. తరువాత పాతదానిలోని వివరములను పూర్తిగా చెఱిపించుడు. తుడిచినట్లు కనబడినను మిగిలిపోవు అవకాశమున్నది గనుక, అనుమానమున్నచో డిస్కును ఊడదీసి ఇంటనే దాచుకొనుడు.

పనికిరాని యంత్రమును పెంటపై వేయుటయు, రాగి కొఱకు తీగలను కాల్చుటయు చేయరాదు. అందలి సీసము మున్నగు విషములు మట్టిలోనికిని, బావి నీటిలోనికిని దిగును. మన దేశమున 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన 2022వ సంవత్సరపు ఇ-వ్యర్థముల నిబంధనల ప్రకారము నమోదైన సంస్థలకే వీనిని అప్పగింపవలెను. ఉబ్బిన ల్యాప్‌టాపు బ్యాటరీని గ్రుచ్చకుడు, అగ్ని పుట్టును.

8. సంఘములు చేయదగినది

2022 జూన్ మాసమున భారత ప్రభుత్వము 2,516 కోట్ల రూపాయలతో 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకమును ఆమోదించెను. సంఘపు లెక్క కంప్యూటరులోనికి వచ్చినప్పుడు, సభ్యుని యింటనున్న యంత్రము కూడ నమ్మదగినదిగా నుండుట అవసరము. సంఘ కార్యదర్శులు ఒక సాయంకాలము సభ్యులను పిలిచి, టాస్క్ మేనేజర్ చూచుట, విండోస్ 11 అర్హత పరీక్షించుట చేసి చూపినచో, ఆ గంట సేపు పలువురి డబ్బును కాపాడును. కొనదలచినవారు నలుగురు కలిసి ఒకే దుకాణమునకు పోయినచో బేరమునకును బలము గలుగును.

సంగ్రహముగా చెప్పవలెనన్న: మొదట పని పట్టిక వ్రాయుడు. పాతదానిని పరీక్షింపుడు. భద్రతా మరమ్మతులు అందునట్టి ప్రతి లేనిదే బ్యాంకు పని చేయవలదు. కొనవలసి వచ్చినచో ఎస్.ఎస్.డి., 8 జి.బి. ర్యామ్, ఇటీవలి తరపు ప్రాసెసరు, మంచి తెర, ఈ నాలుగింటికే డబ్బు పెట్టుడు. బిల్లు దాచుడు. నకళ్ళు తీయుడు. మిగిలిన సొమ్మును వచ్చు పంట విత్తనములకు ఉంచుకొనుడు.